ఏ ఫోటోకి ఏ కెమెరా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆడవాళ్ళ కార్యక్రమంలో కెమెరాల గోల ఏమిటీ అనుకుంటున్నారేమో! ఇంట్లో ఎప్పుడు ఎవరి ఫోటో కావలసివచ్చినా బీరువా తెరిచి వెతికేది మనమేగా? బారసాల దగ్గర్నుంచి సంవత్సరీకం దాకా ఏ ఫోటో ఏ కవర్లో వుందో మనకే తెలుసు. కెమెరా కొనేటప్పుడు మాత్రం ఆ సంగతి మగవాళ్ళకీ, దుకాణంవాడికీ వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేసి ఒకసారి నష్టపోయాను. డబ్బు నష్టమే అయితే ఇన్నాళ్ళు గుర్తుండేది కాదు.

మా పుట్టిల్లు కొల్లిపర. తెనాలిలో బస్సెక్కితే అరటితోటలూ, పసుపుచేలూ చూస్తూ వెళ్ళిపోవచ్చు. అక్కడి మా పెంకుటింట్లోనే కొన్నేళ్ళక్రితం మా తమ్ముడి పెద్దకూతురి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికని నేనొక చిన్న డిజిటల్ కెమెరా కొన్నాను. పేరు ఎందుకులెండి, తప్పు దానిది కాదు. "ముప్ఫైరెట్లు దగ్గరికి లాగుతుందమ్మా" అన్నాడు దుకాణంవాడు. నేను మురిసిపోయాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. నడిమింట్లో ఒక్కటే బల్బు. మా అమ్మ మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బుగ్గచుక్క పెడుతోంది. పెళ్ళి ఫోటోలవాళ్ళు పందిట్లో వున్నారు. ఆ క్షణాన అక్కడున్నదల్లా నేనూ, నా కెమెరా. నాలుగు ఫోటోలు తీశాను. నాలుగూ అలుక్కుపోయినట్టు వచ్చాయి. మరుసటి శ్రావణంలో అమ్మ పోయింది. ఇప్పుడు గోడమీదున్న ఫోటో ఏదో కార్డు కోసం తీయించిన చిన్న ఫోటోని పెద్దది చేయించినది. అందులో అమ్మ ఎవరో ఆఫీసరుకి జడిసినట్టు బిగుసుకుని వుంటుంది.

అందుకని మొన్న సంక్రాంతికి మా రెండో మేనకోడలు, "అత్తయ్యా, నా దగ్గర ఒక్క కెమెరాకే డబ్బులున్నాయి. ఏది కొననూ?" అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్ల బడిలో టీచరు. దానికి మూడు కోరికలు. పెద్ద నాయనమ్మ, అంటే మా పెద్దమ్మ, అరిసెలు చేస్తుంటే తీయాలి. ఆవిడకి ఎనభై ఆరు. మండలంలోనే వున్న అత్తోటలో దేశవాళీ వరి రకాలు పండించే రైతులున్నారు; ఆ గింజల్ని దగ్గరగా తీసి బడిపిల్లలకి చూపించాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో పక్షుల్ని తీయాలి. ఇంట్లో మనిషీ, అరచేతిలో గింజా, చెరువు మధ్యన కొంగా!

సెల్‌ఫోను వుందిగా అంటారా? పగటివెలుతురులో ఎదురుగా వున్న మనిషికి అది చాలు, ఇంకేమీ కొనక్కరలేదు. చాలా ఫోన్లలో చీకటి ఫోటోని కూడా నాలుగైదు ఫోటోలు కలిపి బాగుచేసే ఏర్పాటు వుంది. కాని కదిలే చేతుల దగ్గరా, చెరువు మధ్యలో కూర్చున్న పక్షి దగ్గరా మామూలు ఫోను చతికిలపడుతుంది. మా మేనకోడలి గొడవంతా ఆ రెండింటితోనే.

పిల్ల తెలివైనది. కొనకముందే రెండు కెమెరాలు వారంరోజులకి అరువు తెచ్చింది. ఒకటి మా పక్కింటివారి అబ్బాయిది, సోనీ సైబర్‌షాట్ ఆర్‌ఎక్స్100. 2012లో వచ్చిన రకం. రెండోది వాళ్ళ బడిలో పెద్ద టీచరుగారిది, కానన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740. అది 2018లో వచ్చింది. ఒకటి 240 గ్రాములు, ఇంకొకటి 300 గ్రాములు. రెండూ హ్యాండ్‌బ్యాగులో పట్టేవే. రెండింటిలోనూ ఫోటోకి రెండు కోట్ల చుక్కలు, అంటే వాళ్ళ భాషలో 20 మెగాపిక్సెళ్ళు. కాబట్టి "ఎన్ని మెగాపిక్సెళ్ళూ?" అని అడిగితే ఈ రెండింటి మధ్యా తేడాయే తెలియదు. దుకాణంలో మనం మొట్టమొదట అడిగేదేమో ఆ ప్రశ్నే!

తేడా లోపలుంది. పూర్వం కెమెరాలో ఫిలిం వుండే చోట ఇప్పుడు సెన్సారని ఒక చిన్న బిళ్ళ వుంటుంది. మా నాన్నగారి అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకి పన్నెండే ఫోటోలు, ఒక్కొక్కటీ అరచేతిలో సగమంత ఫిలిం మీద పడేది. ఇప్పటి చిన్న కెమెరాల్లో ఆ బిళ్ళ ఎంతుంటుందో తెలుసా? కానన్‌లో కందిపప్పు బద్దంత. కొలిస్తే 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు. సోనీలో చింతగింజంత, అంటే 13 మిల్లీమీటర్ల పొడవు, 9 వెడల్పు. వైశాల్యం చూస్తే నాలుగురెట్లు. వానొచ్చినప్పుడు చూరుకింద గ్లాసు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, పళ్ళెం పెడితే ఎన్ని పడతాయి? వెలుతురూ అంతే. బిళ్ళ పెద్దదైతే మసక వెలుతుర్లో కూడా దానికి కాస్త ఎక్కువ దక్కుతుంది.

రెండోది లెన్సు. దానిమీద ఎఫ్ అని అక్షరం, పక్కన ఒక అంకె వుంటాయి. అది చూసి బెదరకండి. మన కుట్టుదారం రీళ్ళు గుర్తు తెచ్చుకోండి. 40 నంబరు దారం కంటే 60 నంబరు దారం సన్నం కదా? ఇక్కడా అంతే, అంకె పెరిగితే వెలుతురు వచ్చే దోవ ఇరుకవుతుంది. సోనీది 1.8, కానన్‌ది 3.3. ఈ లెక్కన సోనీ లెన్సులోంచి మూడురెట్లకి పైగా వెలుతురు వస్తుంది. సోనీకి సెకనులో 50వ వంతు కాలం చాలిన చోట, కానన్‌కి 15వ వంతు కాలం కావాలి. ఆ కాస్త తేడాలోనే చెయ్యి కదిలిపోతుంది.

భోగి ముందురోజున పెద్దమ్మ కట్టెలపొయ్యి దగ్గర కూర్చుంది. అరిసె నూనెలోంచి తీయడం, చెక్కల మధ్య పెట్టి వత్తడం, పళ్ళెంలోకి జార్చడం – ఆ చేతులకి ఈ వయసులోనూ ఆగడం తెలియదు. పొయ్యి మంట తప్ప వేరే దీపం వద్దంది ఆవిడ, కళ్ళు చెదురుతున్నాయిట. కానన్‌తో తీసినవాటిల్లో ముఖం బాగానే వుంది, వేళ్ళు మాత్రం పొగలా వచ్చాయి. వెలుతురు చాలక కెమెరా తనంతట తాను తంటాలు పడ్డ చోటల్లా బొమ్మమీద సన్నరవ్వ చల్లినట్టు మచ్చలు. సోనీతో తీస్తే వేళ్ళ ముడతలూ, చెక్కమీద నూనె మెరుపూ కనిపించాయి. నాకు మా అమ్మ బుగ్గచుక్క గుర్తొచ్చి కాసేపు పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

అన్నట్టు ఒక చిట్కా. సోనీలో ఈ సుఖమంతా జూమ్ చేయనంతవరకే. దగ్గరికి లాగుతున్నకొద్దీ దాని అంకె 4.9కి పోతుంది, లాభం తుడిచిపెట్టుకుపోతుంది. అందువల్ల చీకటి గదిలో జూమ్ తిప్పకుండా మనమే రెండడుగులు ముందుకి వేయాలి. దాని ఫ్లాష్‌ని వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుతురు పైకప్పుకి తగిలి మెత్తగా కిందికి పడుతుంది, ముఖం జిడ్డుకారినట్టు మెరవదు. అయితే సున్నం వేసిన తెల్లటి స్లాబు వుండాలి సుమండీ! మా పెంకుటింట్లో ఎంత వంచినా ఆ వెలుతురు దూలాల్లోకే పోయింది.

ఇక గింజల దగ్గరికి వస్తే సోనీ ఓడిపోయింది. వస్తువు అయిదు సెంటీమీటర్లకంటే దగ్గరికి వస్తే దానికి ఆనదు. కానన్ ఒక్క సెంటీమీటరు దూరం నుంచి కూడా తీస్తుంది. అత్తోట నుంచి తెచ్చిన నల్లవడ్లు, ఎర్రబియ్యం తెల్లకాగితం మీద పరిచి తీస్తే గింజమీది నూగుతో సహా కనబడింది. అంత దగ్గరికి పోతే కెమెరా నీడే గింజమీద పడుతుంది. కిటికీ పక్కన పెట్టి, అటువైపున ఇంకో తెల్లకాగితం నిలబెడితే నీడ పలచబడుతుంది.

కనుమ వెళ్ళాక ఉప్పలపాడు వెళ్ళాం. ఊరి చెరువులో తుమ్మచెట్లు, చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. అన్నీ సైబీరియా నుంచి వచ్చాయంటారు కాని, ఈ రెండు జాతులూ మన దేశంలోనే పుట్టి పెరిగేవి. సరే, గట్టుమీద నిలబడి సోనీతో తీస్తే చెట్టుకి సున్నపు చుక్కలు పెట్టినట్టు వచ్చింది. దాని జూమ్ 3.6 రెట్లు మించదు. కానన్‌ది నలభైరెట్లు. గూడబాతు ముక్కుమీద వరసగా నల్లటి చుక్కలుంటాయని ఆవేళే తెలిసింది నాకు. దాని లెన్సు పూర్తిగా ముందుకి వచ్చాక మన చేతివణుకు కూడా అంతకి అంతా పెద్దదై కనబడుతుంది. మోచేతులు కటకటాలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఎండ ముదిరాక నీటిమీద ఆవిరి అల్లాడుతుంది, ఫోటో కూడా అల్లాడుతుంది. ఉదయమే వెళ్ళడం మంచిది. సాయంత్రం సూర్యుడు దిగాక మళ్ళీ నా పాత కథే. ఎందుకంటే అంత జూమ్ దగ్గర దాని అంకె 6.9.

పెట్టెమీద ఎనభైరెట్లు అని రాసి వుంటే నమ్మకండి. అందులో సగమే లెన్సు చేసే పని. మిగతాది ఫోటోలోంచి నడిమిముక్క కత్తిరించి సాగదీయడం. చిరిగిన చీరలోంచి జేబురుమాలు కత్తిరించినట్టు, ముక్క మిగులుతుంది కాని నేత పెరగదు. లెన్సుతో ఎన్నిరెట్లు, అని విడిగా అడగండి.

మరి రెండూ ఒకదాంట్లో పెట్టరాదా అని మా మేనకోడలు అడిగింది. పెట్టారు. చింతగింజంత బిళ్ళ వుండీ దూరాన్ని దగ్గరికి లాగాలంటే లెన్సు కూడా ఆ లెక్కనే లావూ పొడుగూ పెరగాలి. 2016లో సోనీవాళ్ళే అలాంటిది, ఆర్‌ఎక్స్10 మూడోరకం, 25 రెట్ల జూమ్‌తో తెచ్చారు. బరువు కిలోకి పైమాటే! కానన్ అంత చిన్నదిగా వుండి అంత దూరం చూస్తోందంటే దాని బిళ్ళ కందిపప్పంతే వుండబట్టి. ఆ కారణానే పొయ్యిగదిలో దానికి కళ్ళు కనబడలేదు. నా పెళ్ళినాటి కెమెరాలో ముప్ఫైరెట్లన్న మాట విన్నప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పివుంటే ఎంత బాగుండేది!

మిగతా తేడాలు చిన్నవి. కానన్ తెర పైకి తిరుగుతుంది, మన ముఖం మనమే చూసుకుంటూ తీసుకోవచ్చు, సోనీది తిరగదు. వీడియో కానన్‌లో ఎక్కువ వివరంగా వస్తుంది. బ్యాటరీ ఒకసారి నింపితే సోనీ 330 ఫోటోలు, కానన్ 265 అని కంపెనీల లెక్క. చలికాలపు పెళ్ళిళ్ళలో ఏదీ అంతదాకా రాదు, రెండో బ్యాటరీ దగ్గర పెట్టుకోవాలి.

ఇవి కొత్త రకాలు కావు కనుక వాడినవి కొనేవాళ్ళే ఎక్కువ. అలా కొంటే నాలుగు సంగతులు అక్కడికక్కడే చూసుకోండి. కెమెరా వెలిగించి ఆర్పండి; లెన్సు గరగరలాడకుండా వచ్చి లోపలికి పోవాలి. తెల్లగోడని తీసి తెరమీద పెద్దది చేసి చూడండి. ఎప్పుడూ ఒకేచోట మచ్చ కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టు. బ్యాటరీ ఉబ్బి వుందేమో తీసి చూడండి. దుకాణంలో దీపాలన్నీ వేసి వుంటాయి, అక్కడ ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. కాబట్టి కౌంటరు కింద చీకట్లో మీ చేతిని కదుపుతూ ఒక ఫోటో తీయండి. వాడు నవ్వితే నవ్వనివ్వండి.

ఇంట్లో పసివాళ్ళూ, ముసలివాళ్ళూ వుండి, ఫోటోలన్నీ నాలుగుగోడల మధ్యే తీసేవారికి నా ఓటు సోనీ తరహా కెమెరాకే. పిల్లవాడు బడి వార్షికోత్సవంలో పగటిపూట మైదానం అవతల పరిగెడుతుంటే తీయాలనుకునేవారికి, తీర్థయాత్రల్లో గోపురంమీది బొమ్మలు చూడాలనుకునేవారికి కానన్ తరహాది. రాత్రి ఆడిటోరియంలో వెనకవరసలో కూర్చుని పిల్ల నాట్యం తీయాలంటే ఈ రెండూ చాలవు, ముందువరసలో చోటు సంపాదించండి.

మా మేనకోడలు మూడురోజులు ఆలోచించింది. "గూడబాతులు పై ఏడూ వుంటాయి కదత్తయ్యా" అని వాడిన సోనీయే ఒకటి కొనుక్కుంది. గింజలకి మాత్రం టీచరుగారి కెమెరా ఒకపూట అరువడుగుతుందిట. మొన్న పెద్దమ్మ అరిసెల ఫోటో తెనాలిలో ప్రింటు వేయించి తెచ్చింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అరిసె మాడిందే, ఇది తీశావేమిటే!" అంది.