అంత్యదశ శుశ్రూషాలయం: చేర్చే ముందు ఏమి చూడాలి?

వ్యాధులలో సాధ్యాలు, అసాధ్యాలు ఉన్నాయని చరకసంహిత స్పష్టంగా చెప్పింది. అసాధ్యమన్నంత మాత్రాన వైద్యుని పని ముగియదు. బాధను శమింపజేయడం మిగిలే ఉంటుంది. ఆ పనికై ఏర్పడినవే హాస్పిస్‌లు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ వీటికి మార్గదర్శకం. మన హైదరాబాదులోనూ స్పర్శ్ వంటివి వెలిశాయి.

మీ ఇంటి పెద్దలను చేర్చదలచినచో ముందుగా మార్ఫిన్ గురించి అడగండి. ఆయుర్వేద వైద్యుడు ఈ మాట అనడమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. కాన్సరు ఎముకలకు పాకినప్పటి నొప్పిని నా వద్దనున్న ఏ కషాయమూ అణచజాలదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దీనిని సులభతరం చేశారు. "మా వద్ద లేదు" అంటే మరొక చోటు వెదకండి. ఉందంటే, అర్ధరాత్రి నొప్పి లేస్తే ఎవరు ఇస్తారు? దానివల్ల కలిగే మలబద్ధకానికి తోడుగా విరేచనకారి ఇస్తున్నారా? ఇవీ అడగవలసినవే.

పాలరాతి నేలను, పూలకుండీలను చూసి నిర్ణయించుకోవద్దు. మా గురువుగారు మంచం పట్టిన రోగికి మొదట నాలుక, ఆపైన వీపు చూసేవారు. మీరూ అదే చేయండి. నోరు ఎండి పగిలి ఉన్నదా? కదలలేనివారిని రెండు మూడు గంటలకొకసారి ఒత్తిగిలిస్తున్నారా? వీపున, పిరుదులపై పుండ్లు పడ్డాయా? లోపల ఉన్న రోగుల బంధువులను అడిగితే దాచకుండా చెబుతారు.

"పూర్తిగా నయం చేస్తాం" అని ఆశపెట్టేవారు ఏ వైద్యవిధానం వారైనా, మా శాస్త్రం వారైనా సరే, ఆ గుమ్మం తొక్కవద్దు. ఇంటికి వచ్చి చూసే నర్సులున్నారేమో కూడా కనుక్కోండి. అలా ఉంటే చేర్చవలసిన అవసరమే రాకపోవచ్చు.