అక్కరలేని ఫోన్ కాల్స్ – నివారణ, ఫిర్యాదు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• అక్కరలేని కాల్స్ ఎన్ని రకాలో చెప్పగలుగుతారు;
• ఏ కాల్ వస్తే ఏం చేయాలో నిర్ణయించుకోగలుగుతారు;
• ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలుసుకుంటారు.

1. ఉపోద్ఘాతం

మీరు ఢిల్లీ పక్కనున్న నోయిడాలో ఒక రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారనుకోండి. పొద్దుటి నుంచి ఫోన్ మూడుసార్లు మోగింది. ఒకరు అప్పు ఇస్తామన్నారు. ఒకరు ఫ్లాటు కొనమన్నారు. మూడోసారి ఎవరో మాట్లాడకుండా ఊరుకున్నారు. విసుగొచ్చి నాలుగో కాల్ మీరు ఎత్తలేదు. అది మీ పాప బడి నుంచి వచ్చిన కాల్. పాపకు జ్వరం వచ్చింది.

చూశారా! అక్కరలేని కాల్స్ వల్ల కావలసిన కాల్ కూడా తప్పిపోతుంది. అందువల్ల తెలియని నంబర్లన్నీ ఎత్తకుండా ఉండడం పరిష్కారం కాదు. వచ్చినది ఎలాంటి కాల్ అన్నది గుర్తుపట్టాలి. ఇవి ముఖ్యంగా మూడు రకాలు: అమ్మకపు కాల్స్, వేధింపు కాల్స్, మోసపు కాల్స్.

2. అమ్మకపు కాల్స్

ఈ కాల్స్ బాధ పడలేక 2005లో ఒక న్యాయవాది ఢిల్లీలోని సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తరువాత 2007లో టెలికాం నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, ఇటువంటి కాల్స్ వద్దనుకునేవారి పేర్లు నమోదు చేసే ఏర్పాటు చేసింది. ఇప్పుడు 2018 నాటి నిబంధనలు అమలులో ఉన్నాయి.

నమోదుకు డబ్బు కట్టనక్కరలేదు. మీ ఫోన్ నుంచి 1909కి కాల్ చేయండి. లేదా ఇంగ్లీషు అక్షరాలలో 'స్టార్ట్' అని రాసి, ఖాళీ వదిలి, 0 వేసి 1909కి ఎస్.ఎం.ఎస్. పంపండి. బ్యాంకు నుంచి మీ లావాదేవీల గురించి వచ్చే సందేశాలు దీనివల్ల ఆగవు.

నమోదు తరువాత కూడా కాల్ వస్తే 1909కే ఫిర్యాదు చేయండి. 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, కాల్ వచ్చిన 7 రోజుల లోపల ఫిర్యాదు చేయవచ్చు. కాల్ చేసిన నంబరు, తేదీ, వాళ్ళు ఏం చెప్పారో రాసిపెట్టుకోండి.

గమనించండి: 140తో మొదలయ్యే నంబర్లను ప్రకటనల కాల్స్ కోసం కేటాయించారు. 1600తో మొదలయ్యేవి బ్యాంకుల వంటి సంస్థలు తమ ఖాతాదారులకు చేసే సేవా కాల్స్ కోసం.

3. వేధింపు కాల్స్

తిట్టడం, అసభ్యంగా మాట్లాడడం, వద్దన్నా మళ్ళీమళ్ళీ చేయడం వేధింపు. వాదనకు దిగకండి. 'ఈ నంబరుకు మళ్ళీ చేయవద్దు' అని ఒక్కసారి చెప్పి పెట్టేయండి. తరువాత ఆ నంబరును బ్లాక్ చేయండి. కాని కాల్స్ జాబితాను, సందేశాలను చెరిపివేయకండి. అవే మీకు సాక్ష్యం.

ఒక స్త్రీ వద్దని స్పష్టం చేసినా ఒక మగవాడు వెంటపడి ఫోన్లు చేయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. 'పరువు పోతుంది' అని మౌనంగా ఉండకండి. సిగ్గుపడవలసింది ఫోన్ చేసినవాడు, మీరు కాదు.

మీ ఇల్లు ఘజియాబాద్‌లో, పని ఢిల్లీలో అయితే ఎక్కడికి వెళ్ళాలన్న సందేహం వస్తుంది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా, దగ్గరలో ఉన్న ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి.

4. మోసపు కాల్స్

'పోలీసులం. మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయి. కెమెరా ముందు నుంచి కదలకండి. ఎవరికీ చెప్పకండి. డబ్బు పంపండి.' ఈ మోసానికి 'డిజిటల్ అరెస్టు' అని పేరు. మన చట్టంలో ఇలాంటి అరెస్టు లేనే లేదు. ఏ పోలీసూ ఫోన్‌లో అరెస్టు చేయడు.

ఇలాంటివారికి రెండే ఆయుధాలు: భయం, తొందర. 'ఎవరికీ చెప్పకండి' అన్నారంటే అది మోసమని గుర్తించండి. వెంటనే ఫోన్ పెట్టేసి, ఇంట్లోవారికి చెప్పండి. ఓ.టి.పి., పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి. 'బ్యాంకు నుంచి' అన్నా, మీ పాస్‌బుక్కు మీద ఉన్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా, అనుమానపు కాల్ గురించి ప్రభుత్వ 'సంచార్ సాథీ' వెబ్‌సైట్‌లోని 'చక్షు' విభాగంలో తెలియజేయవచ్చు.

5. సారాంశం

అమ్మకపు కాల్‌కు 1909, వేధింపుకు పోలీసులు, డబ్బు పోయిన మోసానికి 1930. ఈ నంబర్లను ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి. ఫోన్ మీది. ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయించేది మీరే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. వేధించే నంబరును బ్లాక్ చేసినా, కాల్స్ జాబితాను ఎందుకు ఉంచాలి?
2. 'డిజిటల్ అరెస్టు' అని ఎవరైనా బెదిరిస్తే మీరు మొదట ఏం చేస్తారు?
3. గత వారం మీకు వచ్చిన అక్కరలేని కాల్స్ రాసి, ప్రతిదీ ఏ రకానికి చెందినదో పక్కన గుర్తించండి.