బీరువా మీద ఉండిపోయిన ఉత్తరం



కొన్నేళ్ల క్రిందటి మాట. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కోసం మా ఇంటివారి రెండు కాసుల గొలుసు తాకట్టు పెట్టాము. గడువు ఏడాది. శ్రమల దినాల కూటాలు జరుగుతూ ఉండగా ఒక రిజిస్టర్ ఉత్తరం వచ్చింది. సంతకం చేసి తీసుకొని, తరువాత చూద్దామని బీరువా మీద పెట్టాము. ఆ వారం ఒక భూస్థాపన, తరువాత రెండు పెళ్లిళ్లు, ఆపైన మంచి శుక్రవారం, ఈస్టరు. పండుగ అయ్యాక డబ్బు పట్టుకొని విడిపించడానికి వెళ్లాము. వారం క్రితమే వేలం అయిపోయిందన్నారు.

డబ్బు లేక ఆ గొలుసు పోలేదు. డబ్బు చేతిలో ఉండగానే పోయింది. అప్పు, వడ్డీ పోను మిగిలిన సొమ్ము ఇచ్చారు గాని, పెళ్లినాడు అత్తగారు కూతురి మెడలో వేసిన గొలుసు తిరిగి రాలేదు. ఆ రాత్రి మా ఇంటివారు ఒక్క మాట కూడా అనలేదు. అన్నం వడ్డించి ఊరుకున్నారు. తిట్టి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది. ఇతరుల ఇళ్లకు వెళ్లి ఆలోచన చెప్పే మేము, మన ఇంటి ఉత్తరం విప్పి చదవడానికి తీరిక లేదనుకున్నాము. అందుకే ఈ నెల ఈ సంగతి రాస్తున్నాము.

కాలువ నీటితో నడిచే లెక్క

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుండి మన డెల్టాలో ఇంటి లెక్క కాలువ నీటితోనే నడుస్తున్నది. సార్వా ధాన్యం నవంబరు, డిసెంబరు నెలల్లో ఇంటికి వస్తుంది. దాళ్వా ఏప్రిల్‌లో వస్తుంది. కౌలు రైతు ముందు కౌలు బస్తాలు కొలిచి ఇవ్వాలి. ఆపైన ఎరువుల కొట్టు అప్పు, కోత కూలి. కూలి పని చేసుకునేవారికి నాట్లప్పుడు, కోతలప్పుడు చేతినిండా పని ఉంటుంది, మిగతా రోజుల్లో వెతుక్కోవాలి. కువైట్, దుబాయి వెళ్లిన తల్లులు పంపే సొమ్ము కూడా ఒక్కసారే వస్తుంది. రాబడి ఏడాదికి రెండు మూడు సార్లు, ఖర్చు ప్రతిరోజూ. పని ఎక్కువగా ఉన్న నెలల్లోనే డబ్బు చేతికి వస్తుంది. లెక్క రాసుకోవడానికి తీరిక లేనిది కూడా ఆ నెలల్లోనే. మన చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంట్లో ఏమున్నది?

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలోని విధవరాలి సంగతి మనమందరము ఎరిగినదే. అప్పులవాడు ఇద్దరు కుమారులను తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ముందుగా అడిగింది ఇంట్లో ఏమున్నదని. నూనె సమృద్ధిగా వచ్చాక కూడా ఆయన ఒక వరుస చెప్పాడు. ముందు అప్పు తీర్చాలి, మిగిలినదానితో బ్రతకాలి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా లెక్క తప్పలేదు.

మన ఇళ్లలో వడ్డీ ఎలా పెరుగుతుందో చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600. రెండేళ్లలో 7,200 కట్టినా అసలు అలాగే ఉంటుంది. 3 లక్షల లోపు బ్యాంకు పంట రుణానికి ఏడాదికి నూటికి 7 రూపాయలు, గడువులోగా కడితే 4 రూపాయలే పడుతుంది. అంటే అదే 10,000కు 400. తేదీ దాటితే ఆ రాయితీ పోతుంది. ఒక్క తేదీ మరచిపోతే ఎంత నష్టమో గ్రహించండి.

రెండు పాఠాలు

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా స్త్రీలు అంతటితో ఆగలేదు. రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకున్నారు. పొదుపులక్ష్మి అంటే అదే. రూపాయి చిన్నదే గాని ప్రతిరోజూ పక్కకు తీశారు.

రెండవ పాఠం చేదుగా ఉంటుంది. వారం వారం వాయిదాల అప్పు ఒక కంపెనీ దగ్గర తెచ్చి మరొక కంపెనీకి కట్టిన ఇళ్లు ఎన్నో చితికిపోగా, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంస్థను నమ్మి సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. 10,000 లోపు కట్టినవారికి ప్రభుత్వం 2019లో, 20,000 లోపు వారికి 2021లో కొంత చెల్లించింది. ఏజెంటు మన చుట్టమే కదా అని కట్టినవారు అనేకులు. చుట్టరికం హామీ పత్రం కాదు. బ్యాంకులో అయితే ఒక్కొక్కరి డిపాజిట్టుకు 5 లక్షల వరకు బీమా ఉంది. ఇది 2020 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్నది. చీటీ వేస్తే అది రిజిస్టరు అయిన చీటీయేనా అని అడగండి. అడగడం అవమానం కాదు.

శనివారం అరగంట

గొలుసు పోయిన తరువాత మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాము. శనివారం సాయంత్రం, కుటుంబ ప్రార్థనకు ముందు అరగంట అందరము కూర్చుంటాము. ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ అప్పుడే విప్పుతాము. వచ్చినది, పోయినది పాత నోటు పుస్తకంలో రాస్తాము. ఇప్పుడు ఫోనులోనే డబ్బు పోతున్నది గనుక చేతికి బరువు తెలియడం లేదు. అందుచేత అది కూడా చూసి రాస్తాము. గోడ మీది సంఘ క్యాలెండరులో పండుగల పక్కనే వాయిదాల తేదీలు, బీమా తేదీ, ఫీజుల తేదీ ఎర్రసిరాతో గుర్తు పెడతాము. గడువుకు ఒక నెల ముందే మరో గుర్తు. పిల్లలు కూడా చూస్తారు. నాన్న మరచిపోతే చిన్నవాడు గుర్తు చేస్తాడు.

ఇది భార్యాభర్తలు కలిసి చేయవలసిన పని. ఒక్కరికే తెలిసిన అప్పు ఆ ఒక్కరితోనే ఆగదు. చేబదులు తెచ్చి ఇంట్లో చెప్పకపోవడం వలన ఎన్ని సంసారాలు కుమిలిపోయాయో మేము ఎరుగుదుము.

వండేముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం తీసి పెట్టే మంచి అలవాటు మన తల్లులకు ఉన్నది. అన్నం తిన్నాక మిగిలితే తీద్దాములే అని ఏ తల్లీ అనలేదు. పొదుపు కూడా అలాగే ముందు తీయాలి. కోత అయిన రోజున, కూలి అందిన రోజున, జీతం వచ్చిన రోజున తీయాలి.

మా ఇంటివారి మెడలో ఇప్పటికీ పసుపుతాడే ఉన్నది. కొత్త గొలుసుకు నెలనెలా కొంత వేస్తున్నాము. ఎంత జమ అయినదో ఆమె శనివారం పుస్తకంలో తానే రాస్తారు. మీ బీరువా మీద విప్పని ఉత్తరం ఏదైనా ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు దానిని విప్పండి.