సినిమా ఎవరిది?

సినిమాకు అసలు కర్త దర్శకుడేనన్న వాదం పండితుల గదుల్లో పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్ సినిమా హాళ్లలో కాలం గడిపిన కుర్రాళ్ల ఇష్టాయిష్టాల్లోంచి వచ్చింది. ఆన్రీ లాంగ్లువా నడిపిన సినెమాతెక్‌లో పాత చిత్రాలు విరివిగా వేసేవారు. ఒకే దర్శకుడి సినిమాలు వరసపెట్టి చూసినవాళ్లకు, కథలు మారినా తీసే తీరు మారలేదని పట్టుబడేది. ఫ్రాన్సువా త్రుఫో, గొదార్, రివెట్ అలా తయారైనవాళ్లే. 1951లో విమర్శకుడు ఆంద్రె బజాన్ తదితరులు మొదలుపెట్టిన 'కాయే ద్యు సినెమా' పత్రిక వాళ్లకు రచ్చబండ అయింది.

ఆ పత్రిక 1954 జనవరి సంచికలో త్రుఫో వ్యాసం దుమారం రేపింది. అప్పటికి అతనికి 21 ఏళ్లు. పేరున్న నవలల్ని తెరకెక్కించి మన్ననలందుకుంటున్న ఫ్రెంచి సినిమాల్ని, ముఖ్యంగా ఒరాంష్, బోస్త్ అనే రచయితల జంటను తూర్పారబట్టాడు. వాళ్లు స్క్రిప్టు చేతికిచ్చేసరికే సినిమా అయిపోతుందని, దర్శకుడికి బొమ్మలు తగిలించే పనే మిగులుతుందని అతని ఫిర్యాదు. వాళ్లకు ఎదురుగా రెన్వార్, బ్రెస్సాన్, తాతిలను నిలబెట్టాడు. దురుసుతనం ఎక్కువే, కొందరికి అన్యాయమూ జరిగింది.

అయితే ఈ బృందం మెచ్చుకోలుతో ఆగలేదు, కారణం చూపించింది. ఉత్కంఠ పుట్టించే వినోదకారుడిగా చాలామంది తీసిపారేసిన హిచ్‌కాక్‌ను త్రుఫో 1962 ఆగస్టులో కలిసి, రోజుల తరబడి ప్రశ్నించాడు. 1966లో అది పుస్తకమైంది. ప్రశ్నలన్నీ పనితనం మీదే. 1941 నాటి 'సస్పిషన్'లో క్యారీ గ్రాంట్ మెట్లెక్కుతూ తెచ్చే పాలగ్లాసు మీదే ప్రేక్షకుడి చూపు నిలవాలని, పాలలో దీపం పెట్టించానని హిచ్‌కాక్ చెప్పింది అందులోనే. 'ఆయన గొప్పవాడు' అన్న అభిమానానికి ఆ గ్లాసు సాక్ష్యం.

విమర్శకుడిగా త్రుఫో నోటికి జడిసి 1958లో కాన్ ఉత్సవం అతన్ని ఆహ్వానించలేదు. మరుసటి ఏడాది తొలి పూర్తినిడివి చిత్రం 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్'కు అక్కడే ఉత్తమ దర్శకుడయ్యాడు. దాని రచనలో మార్సెల్ మూసీ అనే రచయిత చెయ్యి ఉందన్నది కొంచెం నవ్వొచ్చే సంగతి.

ఈ వాదంలోని ప్రమాదాన్ని ముందు పసిగట్టింది బజానే. నచ్చిన దర్శకుడు తీసిన నాసిరకం సినిమాను నెత్తిన పెట్టుకుని, నచ్చనివాడి మంచి సినిమాను కొట్టిపారేసే వ్యక్తిపూజగా ఇది మారవచ్చని 1957లో హెచ్చరించాడు. అమెరికాలో విమర్శకుడు ఆండ్రూ సారిస్ ఈ వాదాన్ని సిద్ధాంతంగా మలిస్తే, మరో విమర్శకురాలు పాలిన్ కేల్ 1963లో దాన్ని చీల్చి చెండాడింది. సారిస్ 1968 నాటి పుస్తకంలో దర్శకులకు అంతస్తులు కట్టి, బిల్లీ వైల్డర్‌ను కింద కూర్చోబెట్టాడు. తర్వాత ఆ తీర్పును తనే మార్చుకున్నాడు.

ఈ కొలబద్ద 1957 నాటి 'మాయాబజార్' దగ్గర తడబడుతుంది. దర్శకుడు కె.వి.రెడ్డే, సందేహం లేదు. కానీ మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. కెమెరా మార్కస్ బార్ట్‌లేది. ఘటోత్కచుడి ఠీవి ఎస్.వి.రంగారావుది. భోజనం దృశ్యంలో ఈ నలుగురి పనినీ విడదీసి చూపడం కష్టం. ఇందరినీ ఎంచుకుని ఒక్క లయలోకి తెచ్చినందుకు కె.వి.రెడ్డి పేరు ముందు చెప్పాలి. కానీ ఆ పేరు ఒక్కటే చెబితే లెక్క తప్పుతుంది.