శీలావతి పేగులో కాపలా

ఆ ఏడు కార్తీకంలో ఆకివీడు దగ్గర మా ఆరెకరాల చెరువులో శీలావతి చేపలు చచ్చి తేలడం మొదలైంది. తోకలు కుళ్ళిపోయి, పొలుసుల కింద ఎర్ర మచ్చలు. ల్యాబులో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా అన్నారు. మేతలో యాంటీబయాటిక్ కలిపాం, చావులు ఆగాయి. నెల తిరక్కుండానే మళ్ళీ తేలాయి.

"మందుకి మంచిదీ చెడ్డదీ తెలీదు బాబాయ్. చేప పేగులో క్రిములన్నీ చచ్చాయి. ఖాళీ ఇంట్లోకి ముందొచ్చినోడిదే ఇల్లు" అన్నాడు ముత్తుకూరులో ఫిషరీస్ చదివొచ్చిన మా ఊరి కుర్రాడు. ఆ మాట నన్ను కుదిపేసింది.

చేప తినేదీ విసర్జించేదీ ఆ నీటిలోనే. చెరువులో ఉన్న క్రిమి పూటపూటా పేగులోకి పోతూనే ఉంటుంది. అక్కడ బాసిల్లస్ సబ్‌టిలిస్ లాంటి మంచి బ్యాక్టీరియా ముందే ఉంటే పేగు గోడమీద చోటు దొరకనివ్వదు, తిండిలో వాటా తీసుకుంటుంది, జబ్బు క్రిముల్ని అణిచే పదార్థాలు వదులుతుంది. చేప రోగనిరోధక శక్తిని కూడా మేలుకొలుపుతుంది. ఎడ్వర్డ్‌సియెల్లా అనే జబ్బు క్రిమి సోకిన ఈల్ చేపలకు బాసిల్లస్ సిద్ధబీజాలు (స్పోర్లు) పెడితే చావులు తగ్గాయని జపాన్ శాస్త్రవేత్త కొజాసా 1986లోనే చూపించారు.

శీలావతికి మనలాగా ఆమ్లం ఊరే పొట్ట లేదు. తిన్నది నేరుగా పొడవాటి పేగులోకే పోతుంది. కాబట్టి మేతలో పంపిన బ్యాక్టీరియాకు దారిలో ఆమ్లం గండం లేదు. అసలు గండం మన చేతిలోనే ఉంది. మొదట్లో నేను వేడి గంజిలో మంచి బ్యాక్టీరియా పొడి కలిపి, అందులోని లాక్టోబాసిల్లస్‌ని నేనే చంపుకున్నాను. బాసిల్లస్ సిద్ధబీజాలు వేడికి కొంత ఓర్చుకుంటాయి, లాక్టోబాసిల్లస్ ఓర్చుకోదు. ఇప్పుడు గంజి పూర్తిగా చల్లారాక కలిపి, తవుడుకీ చెక్కకీ పట్టించి, చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కట్టిస్తున్నాను. పెట్టడం మానేస్తే కొన్నాళ్ళకే ఆ బ్యాక్టీరియా పేగులోంచి కొట్టుకుపోతుంది. అందుకే చలి రాకముందే మొదలుపెట్టి, విడవకుండా పెడతాను.

జబ్బు ముదిరాక ఈ పొడి మందులా పనిచేయదు. నీరు చెడితే, చేప కిక్కిరిస్తే ఏ పొడీ కాపాడదు. ఇదొక్కటి చాలని అమ్మేవాళ్ళ మాట నేను నమ్మను. అయినా మందు డబ్బాలు తెచ్చే ఖర్చు నాకు బాగా తగ్గింది.

రైతు సోదరులారా, పొడి కొనేముందు ప్యాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, గ్రాములో ఎన్ని కోట్లున్నాయో, గడువు తేదీ చూడండి. ఈ మూడూ లేకపోతే కొనకండి.