వరద మ్యాప్‌లో మీ వీధికి రంగు లేదా? అంతమాత్రాన నీళ్లు లేనట్టు కాదు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. అలాంటప్పుడు అక్కడ అయినవాళ్లున్న ఎవరికైనా ముందు కావాల్సింది ఒక్కటే: ఏ వీధి దాకా నీళ్లొచ్చాయి? వార్తతోపాటు ఇచ్చే ఆన్‌లైన్ మ్యాప్ ఇందుకు పనికొస్తుంది. కానీ దాన్ని నమ్మి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

ఎప్పటిది?
ఉపగ్రహం ఆ ప్రాంతం మీదుగా వెళ్లిన సమయంలో ఉన్న నీటినే మ్యాప్ చూపుతుంది. దాని మీద తేదీ, సమయం ఉన్నాయేమో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లోని శాటిలైట్ చిత్రం లైవ్ కాదు. ఏళ్ల కిందటిది కూడా కావచ్చు.

రంగు లేని చోట నీళ్లు లేనట్టేనా?
కాదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో ముంపు మ్యాప్‌లు తయారుచేస్తుంది. రాడార్ ఉపగ్రహాలు మబ్బు పట్టినా, రాత్రయినా నీటిని గుర్తిస్తాయి. అయితే ఇళ్లు కిక్కిరిసిన కాలనీల్లో, సందుల్లో నిలిచిన నీరు వాటికి సరిగా అందదు.

పిన్ పడిన చోటే మునిగిందా?
వార్తలో కాలనీ పేరు మాత్రమే ఉంటే, పిన్ దాదాపు ఆ కాలనీ మధ్యలో పెడతారు. సరిగ్గా ఆ ఇల్లే అని కాదు.

మరి ఏం చేయాలి?
వెళ్లే ముందు అక్కడున్నవారికి ఫోన్ చేసి కనుక్కోండి. మీరే చిక్కుకుంటే 112కు కాల్ చేయండి. లొకేషన్‌తోపాటు ఇంటి నంబరు, దగ్గర్లోని గుడో బడో, ఎన్నో అంతస్తులో ఉన్నారో చెప్పండి. అంతస్తు సంగతి పిన్ చెప్పదు.