ఫ్రిజ్‌లో ఇంజెక్షన్, ఒళ్లో పాప

"పాపకి తమ్ముడెప్పుడు?" మేడ్చల్‌లో సూట్‌కేస్ దించకముందే ఎదురయ్యే ప్రశ్న ఇది. లండన్ నుంచి సెలవులకే వచ్చామని చెప్పుకుంటారుగానీ, అసలు సంగతి ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పక్కనుంది: ఐవీఎఫ్ ఇంజెక్షన్లు.

ఇప్పటికే బిడ్డ ఉంటే ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎన్‌హెచ్‌ఎస్ ఈ ఖర్చు భరించదు. అందుకే కొందరు ఇంటికొస్తారు. పది పన్నెండు రోజులు సూదులు, మధ్యమధ్య స్కాన్లు. ట్రిగ్గర్ షాట్ టైమ్ మాత్రం తప్పకూడదు. సుమారు 36 గంటలకి అండాలు తీస్తారు. ఆ పూట పాపని తాతయ్య శామీర్‌పేట చెరువుకి తీసుకెళ్తాడు.

అన్నట్టు, తమ్ముడే కావాలని ఎంచుకోవడం మన చట్టం ప్రకారం నేరం. అడిగే చుట్టాలకి చెప్పండి!

పిండం పెట్టాక రెండువారాల ఎదురుచూపు. "ఎత్తుకో" అంటుంది పాప. "మంచం దిగకు" అంటుంది అత్తమ్మ. పూర్తి బెడ్‌రెస్ట్‌తో సక్సెస్ ఛాన్స్ పెరగదని పరిశోధనలు తేల్చాయి. బరువులెత్తడం గురించి డాక్టర్‌నే అడగాలి. ఈలోపు కూర్చుని పాపని ఒళ్లోకి తీసుకోవచ్చు.